బడి విడిచిన పిదప రెండు గంటలు

తెలివియు చదువును ఒక్కటే యని మన యిండ్లలో తరతరములుగ నమ్ముచు వచ్చితిమి. పాఠము గడగడ నప్పగించిన పిల్లవానిని బుద్ధిమంతుడందుము. పుస్తకము తెరచి తడబడు పిల్లను మందమతి యందుము. ఈ రెండు తెగలలో దేనికిని చెందని పిల్లలు కొందరు కలరు. వారి మాట చురుకు, జ్ఞాపకము చురుకు, చేయి చురుకు. అచ్చక్షరము మాత్రము వారికి లొంగదు. అట్టి పిల్లలు బడినుండి వచ్చిన తరువాత, పెద్దల సాయము లేక, తమంతట తాము నిశ్శబ్దముగ చేసికొనదగిన పనులను గూర్చి నాకు తెలిసిన నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా నివాసము హైదరాబాదు నగరపు తూర్పు భాగమున, కొత్తపేటలో. మా మనుమరాలికి తొమ్మిదేండ్లు. దాని తల్లిదండ్రు లిరువురును ఉద్యోగస్థులు. కాన బడి విడిచిన వేళ మొదలు వారు వచ్చువరకు పిల్ల నా యొద్దనే యుండును. మాది అపార్టుమెంటులోని చిన్న వాటా. పెరడు లేదు, అరుగు లేదు. ఆ వేళకు దాని తాతగారు ఒక కునుకు తీయుచుందురు. గోడ కావలి యింట నొక పసికందు నిద్రించుచుండును. కావున ఇల్లు సద్దుమణిగి యుండుట మాకు అవసరమే. అయితే ఆ నిశ్శబ్దము ఎవరి కొరకు? మా సుఖమున కొరకా, పిల్ల మేలున కొరకా? ఈ ప్రశ్నయే నాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

ముందు ఆ పిల్ల తెలివి యెట్టిదో చెప్పవలెను. మా వీధికి దాపుననే మెట్రో రైలు తిరుగును. అమీరుపేటనుండి ఎల్బీ నగర్ వరకు ఆ మార్గము 2018 సెప్టెంబరు 24వ తేదీని తెరువబడినది. ఎల్బీ నగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, ముసారాంబాగ్, న్యూ మార్కెట్, మలక్‌పేట అని స్టేషనులన్నియు ఇటునుండి అటు, అటునుండి ఇటు పొల్లుపోక చెప్పును. ఏ స్టేషనులో నెక్కి ఎచ్చట దిగవలెనన్నను నడుమ నెన్ని గలవో చిటికెలో లెక్కించి చెప్పును. చైతన్యపురి బోర్డును చూడగనే పేరు చెప్పును. అదే మాట పుస్తకములో అగపడినచో, మొదటి అక్షరము కడనే ఆగిపోవును. బోర్డును అది చోటునుబట్టి గుర్తించుచున్నదిగాని అక్షరములనుబట్టి కాదు.

బడినుండి వచ్చిన చీటీలో “శ్రద్ధ చాలదు” అని యుండెను. ఆనాటి రాత్రి అది నా ప్రక్కను పరుండి, “అమ్మమ్మా, నేను మొద్దునా?” అని అడిగెను. తొమ్మిదేండ్ల పిల్ల తనను గూర్చి తా నిట్టి తీర్పు చెప్పుకొనసాగినచో, అక్షరము రాకపోవుటకంటె అది పెద్ద నష్టము. అక్షరము ఆలస్యముగనైనను రావచ్చును. తనయందలి నమ్మకము ఒకమారు పోయినచో తిరిగి తెచ్చుట కష్టము.

ఇట్టి పిల్లలను గూర్చి వైద్యు లెరుగుట నేటి మాట కాదు. 1896వ సంవత్సరమున ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు పదునాలుగేండ్ల పెర్సీ యను బాలుని విషయము వైద్యపత్రికలో ప్రకటించెను. ఆ బాలుడు తెలివిగలవాడు, అంకెలు చక్కగ చదువును, గుణకారములు చేయును. తన పేరునే అక్షరములు తారుమారుచేసి వ్రాయును. పాఠములన్నియు నోటిమాటగ చెప్పినచో బడిలో వానిని మించినవాడుండడని వాని ఉపాధ్యాయుడే అనెనట. తరువాత 1963లో అమెరికాలో సామ్యూల్ కిర్క్ అను విద్యావేత్త ఇట్టి చిక్కులకు అభ్యసన వైకల్యములను పేరును వ్యాప్తిలోనికి తెచ్చెను. చదువుటయందలి చిక్కును డిస్‌లెక్సియా యందురు. ఇది సోమరితనము కాదు, కంటి జబ్బు కాదు, బుద్ధిమాంద్యమును కాదు. చెవికి వినబడు ధ్వనిని కంటికి కనబడు గుర్తుతో వేగముగ ముడివేయు పని మెదడునకు కష్టమగుటయే దీనికి ముఖ్యకారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

మన లిపిలో ఒక సౌకర్యము, ఒక కష్టము కలవు. వ్రాసినట్లే పలుకుదుము, ఇది సౌకర్యము. అయితే ముప్పదికి పైబడిన హల్లులు, ప్రతి హల్లునకు గుణింతము, క్రింద ఒత్తులు. ద, ధ, థలకు నడుమ ఒక చుక్కయో ఒక గీతయో మాత్రమే భేదము. ప, ష, వ, మ లొకే యింటి అక్కచెల్లెండ్రవలె నుండును. అది చాలనట్లు మా నగరపు పిల్లలు తెలుగు, హిందీ, ఇంగ్లీషు అను మూడు లిపులను ఒక్కమారే మోయవలసి వచ్చుచున్నది. సామాన్య బాలునకే బరువైన ఈ మూట, ఇట్టి పిల్లకు కొండయగుట వింత కాదు.

ఇక ఆడుపిల్లల సంగతి వేరుగ చెప్పవలసియున్నది. 1990లో అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమున శేవిట్జ్ దంపతులును వారి సహచరులును ఒక పరిశోధన ప్రకటించిరి. బడులవారు గుర్తించి పంపిన పిల్లలలో మగపిల్లలే మిక్కిలి యెక్కువ. పరిశోధకులు తామే పిల్లల నందరిని పరీక్షించిచూడగా ఆడుపిల్లలును ఇంచుమించుగ సమానముగనే యుండిరి. కారణ మేమి? చదువు రాని మగపిల్లవాడు తరగతిలో అల్లరిచేయును, ఉపాధ్యాయుని కంటబడును. చదువు రాని ఆడుపిల్ల తలవంచుకొని మూలను కూర్చుండును, ఎవరికిని కనబడదు. దాని నిశ్శబ్దమును మంచితన మనుకొందుము.

మా పొరుగింటి ఇల్లాలు మంచిది. ఒకనాడు మా పిల్ల కనకాంబరముల దండ కట్టుచుండగ చూచి, “ఎంత ఒద్దికో! ఆడపిల్లే కదా పిన్నిగారూ, ఇంటిపని వస్తే చాలదూ? చదువు రాకపోతే ఏం?” అనెను. ఆమె మెచ్చుకోలుగనే అన్నది. నాకు మాత్రము గుండెలో కలుక్కుమన్నది. నిశ్శబ్దముగ కూర్చుండి చేయు పనులను మనము ఆడుపిల్లకు ఇచ్చుటలో ఒక అపాయము కలదు. అవి దాని మనస్సునకు ఊతగ నుండుటకు మారుగ, దాని చదువును మెల్లగ విడిచిపెట్టుటకు మనకొక సాకుగ మారవచ్చును. అందుచేత మా యింట నొక కట్టుబాటు పెట్టితిని. దండ కట్టుట, చిక్కుడుకాయలు ఒలుచుట, బియ్యములో రాళ్లేరుట ఇంటిపని. అవి చేసినందుకు పిల్లను మెచ్చుకొందును, కాని వానిని దాని రెండు గంటలలో లెక్కకట్టను. మా యింట మగపిల్లవాడున్నచో వానికిని ఆ పనులు చెప్పియుందును. ఆ రెండు గంటలు పిల్లవి.

వేరొక సులువైన మార్గము కలదు. చేతికి సెల్‌ఫోను ఇచ్చుట. ఇల్లు తక్షణము సద్దుమణుగును. అయితే ఫోను పిల్లను ఊరకుంచును గాని పిల్లచేత ఏమియు చేయించదు. ఇవ్వనే గూడదని నే ననను. నిత్యమైన మందుగ మాత్రము దానిని వాడరాదు.

అయిన నెట్టి పనులు మంచివి? నాకు తోచిన గుర్తులు మూడు. మొదటిది, ఆ పనికి చదువుట వ్రాయుట అవసరము కారాదు. రెండవది, తప్పు చేసినచో ఆ తప్పును వస్తువే చూపవలెను, పెద్దలు చెప్పరాదు. మూడవది, పని ముగిసినదని పనియే చెప్పవలెను. రెండవ గుర్తును లోకమునకు చాటిన యామె మరియా మాంటిసోరి. ఆమె 1907లో రోమునగరమున పేదపిల్లల కొరకు తన మొదటి బాలగృహమును తెరచెను; 1939లో మన దేశమునకు వచ్చి మద్రాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. బిరడా తన గుంటలో సరిగ నమరనిచో పిల్లకే తెలియును. గద్దింప నవసరము లేదు. దినమంతయు బడిలో ఎఱ్ఱసిరా దిద్దుబాటులను చూచి వచ్చిన పిల్లకు, ఎవరును దిద్దని రెండు గంటలు గొప్ప విశ్రాంతి.

మా యింట మిక్కిలి ఉపయోగపడినది వామనగుంటల పీట. రెండు వరుసలలో పదునాలుగు గుంటలు, చింతగింజలు. ఇది ఇద్దరాడు ఆట. అయినను ఒంటరిగ పరిశీలించుటకును తగినది. ఒక గుంటలోని గింజలనన్నిటిని తీసి వరుసగ గుంట కొకటి చొప్పున వేయవలెను. చేతిలోనివి ముగియగనే తరువాతి గుంటలోనివి తీసి మరల వేయవలెను. తరువాతి గుంట ఖాళీగ నున్నచో, దాని యవతలి గుంటలోని గింజలు మనవి. గుంట కైదేసి గింజలుంచి ఏ గుంటనుండి మొదలిడిన ఎక్కువ లాభమో కనుగొనుమని పిల్లకు చెప్పి నేను లేచిపోతిని. రెండు మూడు దినములు అది పదునాలుగు గుంటలను ఒక్కొక్కటిగ పరీక్షించెను. ప్రతిమారును ఏడు గింజలే వచ్చెను. నాలుగేసి వేసి చూచెను; ప్రతిమారును ఆరే. చివరకు నా యొద్దకు వచ్చి, “ఎక్కడ మొదలెట్టినా ఒకటే అమ్మమ్మా! అన్నీ సమానంగా ఉన్నాయి, మనం చుట్టూ తిరుగుతాం కదా. మొదలు అనేదే లేదు” అనెను. పాఠకురాండ్రు చింతగింజలతో తామే చూచుకొనవచ్చును. అక్షరము కూడబలుక లేని పిల్ల నోట గణితశాస్త్రజ్ఞుని మాట వచ్చెను.

రెండవది మెలికల ముగ్గు. పలకమీద చుక్కలు పెట్టి, సుద్దతో చుక్కల చుట్టును గీత మెలికలు త్రిప్పవలెను. ఒక చుక్క విడిపోయినను, గీత బయలుదేరిన చోటికి రాకపోయినను తప్పు దానంతట అదే బయటపడును. ముగ్గును ఆడువారి పొద్దుపుచ్చుగ తలచువారు ఒక సంగతి తెలిసికొనవలెను. 1970 దశకములో మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, ఆయన భార్య రాణీ సిరోమణి, మరియు కమలా కృతివాసన్‌గారు వాకిళ్లలోని ముగ్గులను చూచి, కంప్యూటరు శాస్త్రమునకు పనికివచ్చు చిత్రవ్యాకరణ నియమములను వానియందు చూపి 1974లో వ్యాసము ప్రకటించిరి. మూడు చుక్కల వరుస ముగ్గునుండి ఐదు చుక్కల ముగ్గును, దానినుండి ఏడు చుక్కల ముగ్గును పిల్ల తానే పెంచుకొనుచున్నప్పుడు అది నియమమును కనిపెట్టుచున్నదని నేనిప్పుడెరుగుదును.

మూడవది ఊరిపటము. ఖాళీ అగ్గిపెట్టెలు స్టేషనులు, ఎఱ్ఱ ఊలుదారము రైలుమార్గము, నీలపు గుడ్డముక్క సరూర్‌నగర్ చెరువు. మా పేటలో నుండిన పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారమునకు తరలినది. అంతకుముందు వేసవిలో మామిడిపండ్ల బండ్లతో ఈ వీధు లెట్లుండెడివో తాతగారు చెప్పగ విన్న పిల్ల, ఆ చోట నొక ఎండిన మామిడిటెంకను పెట్టినది. ఈ పటము నెలల తరబడి పెరుగుచున్నది. మంచముక్రింద త్రోసి మరునాడు బయటికి లాగవచ్చును. పని నిన్నటినుండి నేటికి సాగుట ఇట్టి పిల్లలకు ముఖ్యము. బడిలో ప్రతి దినమును క్రొత్త ఓటమితో మొదలగును గదా. వినాయకచవితికి తెచ్చి మిగిలిన మట్టియు ఈ పటమునకు కొండలు, గుట్టలుగ మారినది.

నాలుగవది వినుట. చదువ లేని పిల్లకు కథలయందు ఆశ లేదనుకొనరాదు. తన వయస్సువారు చదువు పుస్తకములు తనకు దూరమైనచో దాని మాటల సంపద క్రమముగ తరిగిపోవును. ఇది తెలియకయే జరుగు నష్టము. చెవికి యంత్రము తగిలించుకొని కథ వినుచు చేతులతో మట్టి పిసుకవచ్చును. మన కాపీరైటు చట్టము 2012లో సవరింపబడి, అచ్చు చదువజాలనివారి కొరకు పుస్తకములను వినదగిన రూపమునకు మార్చుటకు వీలు కల్పించెను. 2013నాటి మరాకేష్ అంతర్జాతీయ ఒడంబడికను 2014లో అందరికంటె ముందు ధ్రువపరచిన దేశము మనదే. 2016లో సుగమ్య పుస్తకాలయమను ఆన్‌లైను గ్రంథాలయము వెలసినది. అది చూపు లేనివారికే కాక, ఇతర వైకల్యములచే అచ్చు చదువజాలనివారికిని ఉద్దేశింపబడినది.

ఈ పనులను పెట్టు తీరులో గొన్ని మెలకువలు కలవు. ప్రతి పనికి ఒక పళ్లెమో పెట్టెయో ప్రత్యేకముగ నుండవలెను. పిల్ల అడుగకయే తీసికొని, తానే సర్ది పెట్టవలెను. ఒకనాటికి రెండు మూడింటికంటె ఎక్కువ బయట పెట్టరాదు. ఎక్కువైనచో ఏదియు ఆనదు. బడినుండి రాగానే మొదట తిండి, ఒక గడియ పరుగో ఊయలయో. తరువాతనే కూర్చుండు పని. మొదటి వారము పది నిమిషములు నిలిచిన చాలును. సగములో విడిచిపెట్టినచో గద్దింపరాదు. ఊరక పొగడియు ప్రయోజనము లేదు. ఇట్టి పిల్లలు దొంగమెప్పును వెంటనే పసిగట్టుదురు. “ఇది ఎట్లు చేసితివి?” అని అడిగి వినుట పొగడ్తకంటె మేలు. అన్నిటికంటె ముఖ్యము, ఆటలో పాఠమును దాచి పెట్టకుడు. చింతగింజలమీద అక్షరములు వ్రాసి పెట్టినచో, ఆ పీటను పిల్ల మరల ముట్టదు.

ఇన్ని చెప్పిన తరువాత ఒక సంగతి దాచరాదు. ఈ పనులవలన చదువు రాదు. చదువుటకు వేరు సాధన కావలెను. ధ్వనిని ధ్వనిని విడదీసి, అక్షరముతో జతపరచి, కంటితో, చెవితో, చేతితో మెల్లగ, క్రమముగ, మరల మరల నేర్పు ప్రత్యేక ఉపాధ్యాయుని సాయము కావలెను. మన పూర్వపు వీధిబడులలో ఇసుకమీద వ్రేలితో అక్షరములు దిద్దించిరి. మాంటిసోరి గరుకుకాగితపు అక్షరములను తడిమించెను. ఆ మార్గము నేటికిని పనికివచ్చునదే. మా పిల్లకు ఆ సాధన ఉదయమున అరగంట జరుగును. సాయంకాలపు గంటలతో దానిని కలపము.

పరీక్ష చేయించుటకు జంకరాదు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములను పేర్కొని, అందు నిర్దిష్ట అభ్యసన వైకల్యములను గూడ చేర్చినది. 2018లో కేంద్రప్రభుత్వము వీనిని నిర్ణయించు పద్ధతిని ప్రకటించెను; ఆ ప్రకారము ఎనిమిదేండ్లు నిండిన పిల్లలకు ధ్రువపత్రము పొందు అవకాశము కలదు. పరీక్షలలో అదనపు సమయము, వ్రాసిపెట్టు సహాయకుడు మొదలైన సౌకర్యములకు ఆ పత్రము ఆధారము. “ఆడుపిల్లకు ఆ ముద్ర వేయించిన రేపు పెండ్లి యెట్లు?” అని వెనుదీయు తల్లులు కలరు. మొద్దు అను ముద్రను ఊరివారు వేయనే వేయుదురు. దానికంటె సరియైన పేరు పిల్లకు మేలుచేయును.

మా మనుమరాలు నేటికిని నెమ్మదిగనే చదువును. ఒత్తులకడ నాగును. అద్భుతము లేవియు జరుగలేదు. అయితే మొన్న సెలవులకు వచ్చిన మేనత్త కొడుకు, పై తరగతి చదువువాడు, వామనగుంటలలో మూడుమార్లు దానిచేతిలో ఓడెను. ఎట్లు గెలిచితివని వాడడుగగా, అది పీట ముందట కూర్చుండి, ఏ గుంటను ఎందులకు విడువవలెనో వానికి ఓపికగ బోధించెను. ఆ బోధనలో తడబాటు లేదు. తనకు తెలిసిన దానిని మరియొకరికి చెప్పగలిగిన పిల్ల తనను మొద్దనుకొనదు. రేపు మరల పుస్తకము తెరచుటకు కావలసిన ధైర్యము ఆ చోటనే పుట్టుచున్నది.

కావున సోదరీమణులారా, మీ యింట మూలను కూర్చుండి మాటాడక పని చేసికొను ఆడుపిల్ల యున్నచో, దాని ఒద్దికను మెచ్చుకొని యూరకుండకుడు. చేతిలోని పని యేమో చూడుడు. ప్రక్కనున్న పుస్తకము ఎందులకు మూసియున్నదో విచారింపుడు. ఆ పనిని దానికి ఉంచుడు. ఆ పుస్తకమును తెరచుటకు తగిన గురువును వెదకుడు. రెండును దానికి రావలసినవే.